త్రిభుజములో ఆ సగమెక్కడిది?

న్యూయార్కులోని గణితోపాధ్యాయుడు పాల్ లాక్‌హార్ట్ 2002లో వ్రాయగా 2009లో పుస్తకమైన 'ఒక గణితజ్ఞుని విలాపము' మన ఉపాధ్యాయులు చదువదగినది.

త్రిభుజ వైశాల్యము భూమి, ఎత్తుల లబ్ధములో సగమని మన విద్యార్థులు వల్లింతురు. ఎందుకు సగమో అడుగుటకు మనము వ్యవధి నీయము. లాక్‌హార్ట్ త్రిభుజమును దీర్ఘచతురస్రములో నిలిపి, శీర్షమునుండి భూమికి ఒక లంబము గీయును. ఏర్పడిన రెండు చిన్న దీర్ఘచతురస్రములను త్రిభుజ భుజములే కర్ణములై సగము చేయుచున్నవి! ఆ గీతను బాలుడే కనిపెట్టవలెనని ఆయన పట్టు, న్యాయమే.

అయితే, నిత్యావసరములతో గణితమును ముడిపెట్టుటను ఆయన చిన్నచూపు చూచుట నాకు సమ్మతము కాదు. రైతుబిడ్డకు తమ చేను ఎన్ని సెంట్లో తెలియవలసిన అవసరమే ఆ ప్రశ్నను పుట్టింపగలదు: వంకర గట్ల చేనును త్రిభుజములుగా విడదీసి, మూలనుండి ఎదుటి గీతకు తాడు పట్టి, అదే లంబమును అతడు వెదుకును.