తారీఖుల పక్షాన

హైస్కూల్లో సోషల్ చెబుతానని తెలియగానే చాలామంది నోట వచ్చే మొదటి మాట: "అమ్మో, ఆ తారీఖులు!" కాస్త సాహిత్యం తెలిసినవారైతే తారీఖులు, దస్తావేజులు కావు చరిత్రకర్థం అన్న శ్రీశ్రీ 'దేశచరిత్రలు' గుర్తుచేస్తారు. ఆ గేయం నాకూ ఇష్టమే. కానీ రాజుల వెనక మరుగున పడ్డ మనిషిని వెతకాలన్నా ముందు చేతికి తగలాల్సింది ఓ తారీఖు, ఓ దస్తావేజే కదా.

కాకతీయుల పాఠమే చూడండి. రుద్రమదేవి పాలన 1262 నుంచి 1289 వరకు. బిట్ల కోసం పిల్లలు వల్లెవేస్తారు. వెయ్యనివ్వండి, మంచిదే. ఆ తర్వాత నేనడుగుతాను: 1289 అని ఎలా తెలిసింది? అందరూ గైడు తిప్పుతారు. గైడులో ఉండదు. జవాబు నల్లగొండ జిల్లా చందుపట్లలో ఓ రాతి మీద ఉంది. మల్లికార్జున నాయకుడి కొలువులో పనిచేసిన పువ్వుల ముమ్మడి, కన్నుమూసిన రుద్రమకూ తన నాయకుడికీ పుణ్యం కలగాలని సోమనాథ దేవరకు భూమి దానమిచ్చి వేయించిన శాసనమది. తేదీ 1289 నవంబరు 27. అది బయటపడక ముందు, ఆమె మరో ఆరేడేళ్లు పాలించిందనే చరిత్రకారులు రాశారు. ఆమె ఎలా చనిపోయిందో శాసనం చెప్పదు. తిరగబడ్డ సామంతుడు అంబదేవుడితో యుద్ధంలో అన్నది ఊహ. బలమైన ఊహే, అయినా ఊహే. పుస్తకంలో రెండూ ఒకే అక్షరాల్లో అచ్చవుతాయి, అదే చిక్కు.

ఇక ముమ్మడి. ఈ ఒక్క రాయి లేకపోతే ఆ పేరు మనదాకా వచ్చేదా?

పదో తరగతి అయ్యాక ఎంపీసీ, బైపీసీ వైపు వెళ్లే పిల్లలకు బడిలో చదివే చరిత్ర ఇక్కడితో సరి. అందుకే ఇంత పట్టుదల. సిలబస్ ఆలస్యమవుతుందని హెడ్మాస్టరు గారు గొణుగుతారు, ఆయన బాధ ఆయనది.

నాకు బాగా నచ్చే పాఠం మోటుపల్లి రేవుది. తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా పూర్వపు రాజులు లాగేసుకునేవారనీ, తాను సుంకం మాత్రమే తీసుకుంటాననీ కాకతీయ రాజు గణపతిదేవుడు అక్కడ వేయించిన అభయ శాసనం చెబుతుంది. రాజు దయ అని పిల్లలు రాసుకుంటారు. దోచుకుంటే ఓడ మళ్లీ రాదు, సుంకమైతే ఏటా వస్తుంది అని బోర్డు మీద లెక్క వేసి చూపిస్తే, కిరాణా కొట్టు వాళ్లబ్బాయి అందరికంటే ముందు నవ్వుతాడు.

ఆ రేవు గురించే రాసిన మార్కోపోలో రుద్రమను రాజుగారి వితంతువు అన్నాడు. ఆమె గణపతిదేవుడి కూతురు. మరి అతను పొగిడిన సాలెగూడు లాంటి సన్నని బట్టల మాటా అబద్ధమేనా అని ఈ ఏడాది ఏడో తరగతిలో ఓ అమ్మాయి నిలదీసింది. నేను నోరు తెరిచేలోగా వెనక బెంచీ నుంచి జవాబొచ్చింది: "బట్ట చూసుంటాడు సార్, చుట్టరికం ఎవరో చెప్తే వినుంటాడు." ఆ పీరియడ్లో చేయాల్సిన మ్యాప్ పాయింటింగ్ మర్నాటికి పడింది.