కాంతిని తూచే నల్లబిళ్ళ

మొదటి లేజర్ 1960లో వెలిగింది. తొలిరోజుల్లో దాని బలం చెప్పడానికి ఒక తమాషా కొలత వాడుకలో ఉండేదంటారు: ఎన్ని జిల్లెట్ బ్లేడ్లకు చిల్లి పెడితే అన్ని జిల్లెట్లు! ఇప్పుడు చెక్క మీద పేర్లు చెక్కే నీలి లేజర్‌ని ఆన్‌లైన్‌లో తెప్పించుకుని ఇంట్లోనే బిగించుకుంటున్నారు. పెట్టె మీద 40 వాట్లని ఉంటుంది. చాలాసార్లు అది యంత్రం మింగే కరెంటు లెక్క. కాంతిగా బయటికొచ్చేది అయిదారు వాట్లే. అసలు సంగతి తేల్చాలంటే థర్మల్ పవర్ మీటర్ కావాలి. సరదాకి లేజర్లతో కుస్తీపట్టేవాళ్ళు సెకండ్ హ్యాండ్‌లోనైనా సరే ఒకటి సంపాదించుకుంటారు. అందులో ఉన్న పనితనం చూస్తే ఆ మోజు ఎందుకో అర్థమవుతుంది.

పైకి చూడ్డానికి ఏమీ ఉండదు. అరచేతిలో ఇమిడే అల్యూమినియం దిమ్మ, వేడి పోవడానికి వెనక రెక్కలు, ముందు ఒక గుండ్రటి కన్నం, అందులో రూపాయి బిళ్ళంత నల్లటి డిస్కు. లెన్సు లేదు, కదిలే భాగం లేదు. టార్చి ఏటవాలుగా వేసి చూస్తే ఆ నలుపు గరుకుగా కనిపిస్తుంది. ఆ గరుకు కావాలని పెట్టిందే. పడిన కాంతిలో నూటికి తొంభైకి పైగా అది మింగేస్తుంది. మిగిలిన కాస్తా అద్దంలోంచి వచ్చినట్టు సూటిగా కంట్లోకి రాకుండా నలుదిక్కులా చెదిరిపోతుంది. అలాగని కళ్ళద్దాలు తీసేయమని కాదు. లేజర్ రంగుకి తగిన రక్షణ కళ్ళద్దాలు లేకుండా ఈ పని మొదలుపెట్టనే కూడదు.

అసలు విద్య డిస్కు వెనక ఉంది. రెండు వేర్వేరు లోహాలను కలిపి ఒక అతుకును వేడిగా, ఇంకో అతుకును చల్లగా ఉంచితే చిన్న వోల్టేజి పుడుతుందని 1821లో సీబెక్ గమనించాడు. అలాంటి జతలను వరసగా కలిపి థర్మోపైల్‌గా చేస్తే ఆ చిన్న వోల్టేజీలన్నీ కూడతాయి. ఈ డిస్కు వెనక ఆ జతలను వలయాకారంలో పేర్చారు: వేడి అతుకులు లోపలి వలయం మీద, చల్లటి అతుకులు బయటి వలయం మీద. డిస్కు అంచును అల్యూమినియం దిమ్మకు గట్టిగా బిగించారు. మధ్యలో పడిన వేడి బయటపడాలంటే అంచువైపు పారడం ఒక్కటే దారి. ఊరు చుట్టూ చెక్‌పోస్టులు పెట్టినట్టే. సరుకు ఏ వీధిలో బయల్దేరినా ఎక్కడో ఒకచోట లెక్కకు దొరకాల్సిందే. లేజర్ చుక్క నడిమధ్యన కాకుండా ఓ పక్కకు పడిందనుకోండి, ఆ పక్క జతల్లో వోల్టేజి పెరుగుతుంది, ఎదుటి పక్క తగ్గుతుంది, మొత్తం మాత్రం దాదాపు మారదు. గురి సరిగ్గా కుదరకపోయినా అంకె సరిగ్గానే వస్తుంది. ఎలక్ట్రానిక్స్ జోలికి పోకుండా, ఒట్టి ఆకారంతో సాధించిన పని ఇది. నాకు ఈ పరికరంలో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

రంగుతో దీనికి పేచీ లేదు. సిలికాన్ ఫోటోడయోడ్ చురుకైనదే, కానీ నీలానికో లెక్క, ఎరుపుకో లెక్క. కొన్ని మిల్లీవాట్లు దాటాయంటే చేతులెత్తేస్తుంది. కార్బన్ డయాక్సైడ్ లేజర్ పంపే 10.6 మైక్రాన్ల కిరణం దానికి అసలు కనపడదు. నల్లబిళ్ళకు మాత్రం అంతా వేడే.

ఈ గుణం ఒక్కోచోట మెలిక పెడుతుంది. చౌక ఆకుపచ్చ పాయింటర్లలో చాలావాటి లోపల నిజానికి పుట్టేది ఇన్‌ఫ్రారెడ్. స్ఫటికాల్లోంచి వెళ్ళాక అందులో కొంత 532 నానోమీటర్ల పచ్చ కాంతిగా మారుతుంది. మిగిలినదాన్ని ఆపే ఫిల్టర్ పెట్టకపోతే అది కూడా బయటికొచ్చేస్తుంది. థర్మల్ మీటర్ రెండింటినీ కలిపి చూపిస్తుంది. ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే గాజు ముందు అడ్డంపెట్టి మళ్ళీ కొలిస్తే, తగ్గినమేర దాదాపు కంటికి కనపడని భాగమన్నమాట. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా పవర్ మీటర్, కొన్ని ఫిల్టర్లు కలిపిన పరికరంతోనే 122 పాయింటర్లను పరీక్షించి 2013లో ఫలితాలు చెప్పింది. పచ్చవాటిలో దాదాపు 90 శాతం, ఎర్రవాటిలో 44 శాతం అక్కడి భద్రతా నిబంధనలకు లోబడి లేవు.

నిదానం దీని నైజం. డిస్కు వేడెక్కి అంకె నిలవడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది. మంచి మీటర్లు ఆ లోపే చెప్పేస్తాయి: వోల్టేజి ఎంత వేగంగా పెరుగుతోందో చూసి, ఎక్కడ ఆగుతుందో ముందే లెక్కగడతాయి. సొంతంగా తయారుచేసుకునేవాళ్ళు చిన్న మైక్రోకంట్రోలర్‌తో ఇదే పని ఒక్క వరస కోడ్‌లో కానిచ్చేస్తారు. పెరుగుదల వేగాన్ని డిస్కు కాలస్థిరాంకంతో గుణించి ఇప్పటి అంకెకు కలపడమే.

సొంత తయారీకి పెల్టియర్ పలక చాలు. 12706 అని రాసి ఉండే నాలుగు సెంటీమీటర్ల పలకలో 127 జతలుంటాయి. ఒకవైపు హీట్‌సింకు అంటించి, రెండోవైపు నల్లపూత పూసిన పలుచని లోహపు రేకు అతికిస్తే కాంతిని పట్టే భాగం, అంటే హెడ్, తయారు. మరి ఒక వాటుకు ఎన్ని మిల్లీవోల్టులో తెలిసేదెలా? ఆ రేకుకే 100 ఓమ్‌ల రెసిస్టర్ అంటించి 10 వోల్టులు ఇవ్వండి. సరిగ్గా ఒక వాట్ వేడి. అప్పుడు వచ్చిన మిల్లీవోల్టులే మీ తూకంరాయి. పూత మింగకుండా వదిలేసిన కొద్ది శాతం, రెసిస్టర్ తీగల గుండా జారిపోయిన వేడి ఇందులో కలవవు కానీ, పెట్టె మీది 40 వాట్ల బండారం బయటపెట్టడానికి ఈ మాత్రం చాలు. తెలిసిన విద్యుత్తును తెలియని కాంతికి సాటిగా నిలబెట్టే ఈ ఉపాయమే జాతీయ ప్రయోగశాలల కేలరీమీటర్లలోనూ ఉంది.

పూతను కాపాడుకోవడం ఒక్కటే కష్టం. మూడు వాట్ల పుంజాన్ని మిల్లీమీటర్‌లో పదోవంతు చుక్కగా కుదిస్తే చదరపు సెంటీమీటరుకు 38 కిలోవాట్ల తీవ్రత అవుతుంది, నలుపు మాడిపోతుంది. అదే పుంజం అయిదు మిల్లీమీటర్లకు విచ్చుకుంటే 15 వాట్లే. కాబట్టి ఫోకస్ బిందువు దగ్గర కాకుండా, పుంజం వెడల్పైన చోట కొలవాలి.

పాత హెడ్ కొనేటప్పుడు పూత మీద చిన్న మచ్చ కనపడితే బేరమాడండి గానీ పారిపోకండి. మచ్చను తప్పించి కొలుచుకోవచ్చు. బతికుందో లేదో చూడ్డానికి లేజరే అక్కర్లేదు. మల్టీమీటర్ తగిలించి మిల్లీవోల్టుల్లో పెట్టి, డిస్కు ముందు అరచెయ్యి ఉంచితే అంకె మెల్లగా పైకి కదలాలి. కిందికి దిగితే తీగలు తారుమారయ్యాయేమో చూసుకోవాలి. విజయవాడలో మే నెల మిట్టమధ్యాహ్నం ఈ పరీక్ష చేస్తే మాత్రం తీగల్ని అనుమానించకండి. గది నలభై డిగ్రీలున్నప్పుడు డిస్కు కంటే మీ చెయ్యే చల్లన, అంకె సున్నా కిందికే పోతుంది.