క్రీము పేరేమిటి?

పీటర్ వియర్ 1990లో తీసిన ‘గ్రీన్ కార్డ్’ సినిమా చూశారా? జార్జ్ ఫ్రాన్సు నుంచి వచ్చినవాడు, అమెరికాలో ఉండిపోవాలి. బ్రాంటీకి మొక్కలు పెంచుకునే అద్దాల గది ఉన్న ఫ్లాటు కావాలి. అది పెళ్ళయినవాళ్ళకే ఇస్తారట. ఇంకేం, ఉత్తుత్తి పెళ్ళి! ఇమ్మిగ్రేషన్ వాళ్ళ విచారణకి భయపడి ఒకరి ఇష్టాయిష్టాలు ఒకరు పరీక్షకి చదివినట్టు బట్టీపడతారు. తీరా ఆవిడ రాసుకునే క్రీము పేరు దగ్గర అతను దొరికిపోతాడు.

నాకు నవ్వొచ్చింది. పాతికేళ్ళు కాపరం చేసిన మన శ్రీవార్లు మాత్రం చెప్పగలరా ఆ పేరు? బట్టీపడుతూ పడుతూనే వాళ్ళకి ప్రేమ పుట్టడంలోనే ఉంది కథ అందమంతా.

కానీ ఒక వెలితి. ఇందులో కాగితం కావలసింది మగవాడికి. ఆడదానికైతే? అమెరికాలో 1986 చట్టం కొత్త దంపతులకి రెండేళ్ళపాటు షరతుల మీదే నివాసం ఇచ్చింది. ఆ పైన ఇద్దరూ కలిసి సంతకం పెట్టాలి. కొట్టే మొగుడి సంతకం కోసం పడి ఉండక్కర్లేదని మినహాయింపు చేర్చింది ఈ సినిమా వచ్చిన 1990లోనే. ఆ భయం తెరమీద ఎక్కడా కనిపించదు. క్రీము పేరుతోపాటు “సుఖంగా ఉన్నావా అమ్మా?” అని కూడా ఎవరైనా అడిగితే బాగుండుననిపించింది నాకు.