త్రాసు మంచిదైన చాలునా?

న్యూట్రినోను తూచుటకు సూక్ష్మమైన పరికరమున్న చాలుననుట అర్ధసత్యము. గొరగనమూడిలో పుట్టిన స్వామి జ్ఞానానంద లివర్‌పూలులో బీటా కిరణముల శక్తిని పరిశోధించి, 1947లో అధిక శూన్యములపై గ్రంథము వెలువరించి, ఆంధ్ర విశ్వవిద్యాలయములో కేంద్రక పరిశోధనకు పునాది వేసిరి. బీటా కిరణములనే పరీక్షించు జర్మనీలోని కాట్రిన్ ప్రయోగము, న్యూట్రినో ద్రవ్యరాశి 0.45 ఎలక్ట్రాను వోల్టులకు మించదని 2025లో తేల్చినది. ఇది హద్దే కాని కొలత కాదు. 1998లో రుజువైన న్యూట్రినోల రూపాంతరములనుబట్టి చూడగా, మూడింటిలో ఒకటైనను కనీసము సుమారు 0.05 ఉండవలెను.

ఈ నడిమి దూరమును దాటుటకు త్రాసొక్కటే చాలదు. తూచు సరుకును మార్చవలెను. ట్రిటియము అణువులో పరమాణువులు జంటగానుండును. ఒకటి హీలియముగా మారినపుడు ఆ జంట కంపించుచు శక్తిలో కొంత గ్రహించును. ప్రతిసారి ఎంత గ్రహించినదో తెలియదు. ఒంటరి పరమాణువునకు ఈ కంపనము లేదు. కాని పాత్ర గోడను తాకినచో అది మరల జంటకట్టును. అందుచే అణువులను మిక్కిలి వేడిమిలో విడదీసి, చల్లార్చి, అయస్కాంత క్షేత్రములో నిలుపుటకు ‘ప్రాజెక్టు 8’ బృందము యత్నించుచున్నది. ట్రిటియము రేడియోధార్మికము గనుక తొలి పరీక్షలకు మామూలు హైడ్రోజనునే వాడుదురు.

కనుక తరగతిలో 0.45ను న్యూట్రినో బరువుగా చెప్పరాదు. సరుకు శుద్ధమైననే త్రాసు నిజము పలుకును.