ఇంటికొచ్చాక మొదలయ్యే నొప్పి

పొద్దున ఆపరేషన్, సాయంత్రానికి ఇల్లు. హెర్నియాకో టాన్సిల్స్‌కో పిల్లల్ని నెల్లూరు తీసుకొచ్చే మైపాడు, కోడూరు, జువ్వలదిన్నె వాళ్లకు ఇది పెద్ద వెసులుబాటు. రోజుల తరబడి చేపల వేటా కూలీ పోగొట్టుకోనక్కర్లేదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, 2013 నుంచి బడుల్లో, అంగన్‌వాడీల్లో జరుగుతున్న ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) పరీక్షలు ఎందరో పేదపిల్లలకు వైద్యం అందించాయి. దాన్ని తక్కువ చేయను. కానీ మత్తు పూర్తిగా దిగే వేళకు బిడ్డ ఇంట్లో ఉంటే, నొప్పి చూసుకునే పని ఆస్పత్రి నుంచి తల్లి చేతికి వచ్చినట్టే. ఆ పని ఆమెకు నేర్పకుండా పంపితే అది సగం వైద్యమే.

ఆపరేషనంటే భయం ఎవరికైనా ఉంటుంది, మత్తిస్తే పోతుంది అంటారు. పోదు. టాన్సిల్స్ ఆపరేషనైన 241 మంది పిల్లలపై జీవ్ కెయిన్ బృందం అమెరికాలో చేసిన అధ్యయనం 2006లో వెలువడింది. ముందు బాగా భయపడ్డవాళ్లకు తర్వాత నొప్పి ఎక్కువైంది, ఇంటికెళ్లిన మొదటి మూడు రోజులూ అంతే. నిద్ర కూడా చెడింది. బెదురు స్వభావం ఉన్నవాళ్లకు నొప్పీ ఎక్కువేమో, భయం కారణం కాదేమో అన్న అనుమానం సబబే. మరుసటి ఏడాది అదే బృందం ప్రకటించిన ప్రయోగంలో దానికి జవాబుంది. 408 మంది పిల్లల్ని ఏ ఎంపికా లేకుండా నాలుగు గుంపులు చేశారు. మత్తిచ్చే మాస్కు ఇంటికిచ్చి అలవాటు చేసి, జరగబోయేది కుటుంబానికంతా ముందే చూపించిన గుంపులో భయం తగ్గింది, నొప్పిమందు తక్కువ పట్టింది. తల్లినో తండ్రినో ఊరికే మత్తు గదిలోకి రానిచ్చినంత మాత్రాన అంత మేలు జరగలేదు. అందుకే "ఏం కాదు నాయనా, సూదెయ్యరు" అనే అబద్ధం నాకు చిన్నదిగా కనిపించదు.

పసివాళ్లు మరిచిపోతారన్నదీ నిలవదు. కెనడాలో చేసి 1997లో ప్రచురించిన పరిశోధనలో, సున్తీ అయిన పసికందులు నెలల తర్వాత టీకా సూదికి మిగతావాళ్లకంటే ఎక్కువ నొప్పి చూపారు. సున్తీకి ముందే తిమ్మిరి మందు పూసినవాళ్లలో ఆ తేడా తగ్గింది. ఆపరేషన్ తర్వాత మూడు నెలలు దాటినా వదలని నొప్పి లెక్కలు ఎక్కువగా పెద్ద ఆపరేషన్లవి, వాటిని చిన్న కోతలకు అంటగట్టను. అయినా మొదటి మూడు రోజులను గాలికొదిలేయడానికి అది సాకు కాదు. నొప్పిమందు ఎక్కువైతే లివర్ పాడవుతుందని తల్లులు భయపడతారు. మోతాదు మించితే ఆ భయం నిజమే. పారాసిటమాల్ మామూలుగా కిలో బరువుకు 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకోసారి. అయితే సిరప్ 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములుండే సీసా ఉంది, 250 ఉండేదీ ఉంది. ఏ సీసానో చెప్పకుండా "నొప్పుంటే ఒక మూత" అంటే ఆ తల్లి ఏం చేయాలి? డాక్టరుకు తీరిక లేదన్నది వాస్తవమే, కానీ ఈ పని నర్సమ్మ చేయగలదు. బిడ్డ బరువు చూసి, ఈ సీసాలోది ఇన్ని మిల్లీలీటర్లు, ఈ వేళల్లో, ఇన్ని రోజులని తెలుగులో రాసివ్వాలి. మర్నాడు ఆశా కార్యకర్త ఇంటికెళ్లి, బిడ్డ తిన్నాడా, నిద్రపోయాడా, మందు వేళకు పడుతోందా అని అడగాలి.