పేరు మార్చింది గుమాస్తా కాదు

న్యూయార్క్ రేవులోని ఎల్లిస్ దీవిలో గుమాస్తా మా తాత ఇంటిపేరు మార్చేశాడు: అమెరికా యూదు కుటుంబాల్లో తరాలుగా నడిచే మాట ఇది. 1974లో వచ్చిన ‘గాడ్‌ఫాదర్’ రెండో భాగం ఓ ఇటలీ పిల్లాడి మీద ఇలాంటి కథే చూపించింది. మేం ఒప్పుకోం. అక్కడి అధికారులు పేర్లు కొత్తగా రాయలేదు. ఓడ కంపెనీలు ముందే రాసి తెచ్చిన జాబితాతో సరిచూసుకున్నారు, అంతే. కిర్‌స్టెన్ ఫెర్మాగ్లిచ్ 2018 పుస్తకం న్యూయార్క్ కోర్టు అర్జీలు తిరగేసి అసలు సంగతి బయటపెట్టింది. పేరు మార్చమని కోర్టుకెళ్లినవాళ్లలో ఎందరో అమెరికాలోనే పుట్టిన యూదులు. ఉద్యోగం కోసం, కాలేజీ సీటు కోసం. 1922లో హార్వర్డ్ దరఖాస్తు, పుట్టాక నీ పేరుగానీ నీ తండ్రి పేరుగానీ మారిందా, మారితే వివరంగా రాయి అని అడిగింది. ఇంటిపేరు అడిగేవాడు నిజానికి ఏమడుగుతాడో మనకొకరు చెప్పాలా? గుమాస్తా కథ నవ్వు పుట్టిస్తుంది, ఆ దరఖాస్తును మాత్రం కనపడనీయదు. తాతల పేరు వెదికేవాళ్లు దీవి దగ్గరే ఆగకుండా పౌరసత్వ కాగితాలు, కోర్టు అర్జీలు చూడాలి.