మధ్యమావతి కోసం మూడు తీగలు

గిటారుకు అందరూ మొదట నేర్చుకునే శ్రుతి మంద్రం నుంచి ఈ, ఏ, డీ, జీ, బీ, ఈ. డీని షడ్జంగా పెట్టుకుని వింటే అది రి ప స మ ధ రి. రెండు చివరలా రిషభమే. ఆరు తీగలూ కలిపి మీటితే షడ్జం ఎక్కడో నడుమ ఇరుక్కుపోతుంది. సన్నతీగ నుంచి లెక్కిస్తే ఆరోది, రెండోది, మొదటిది, ఈ మూడు తీగల్నీ ఒక్కో స్వరం దించి చూడండి. రిషభాలు రెండూ షడ్జాలవుతాయి, ధైవతం పంచమమవుతుంది. స ప స మ ప స! వేలు ఎక్కడా నొక్కకుండానే గిటారు తంబురాలా పలుకుతుంది.

1960ల ఆరంభంలో బ్రిటిష్ గిటారిస్టు డేవీ గ్రాహమ్ మొరాకోలో ఊద్ అనే అరబ్బు తంత్రీవాద్యపు విద్వాంసులతో కలిసి వాయించడానికి పట్టుకున్న శ్రుతి ఇది. ఇందులో గాంధారం లేదు. మేజరా మైనరా అని తేల్చేది గాంధారమే కనుక, ఈ శ్రుతి ఏ పక్షమూ వహించదు. రాగానికి చోటు వదిలిపెడుతుంది.

దీన్ని చెవితో కలపడంలోనే అసలు సుఖం ఉంది. నాలుగో తీగ జోలికి పోకండి, అదే షడ్జం. అది మోగుతుండగానే ఆరో తీగను మీటి కాస్త ఎక్కువే దించి, మెల్లగా పైకి బిగిస్తూ రండి. రెండు నాదాలూ దగ్గరయ్యేకొద్దీ నడుమ ఒక అదురు వినిపిస్తుంది. ముందు గబగబా కొట్టుకుంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది, చివరికి కరిగిపోతుంది. గిటారును ఛాతీకి ఆనించుకుంటే ఆ కలయిక ఎముకకు తెలుస్తుంది. మొదటి తీగకూ నాలుగోదే సాక్షి. రెండోదానికి ఐదో తీగ పంచమం సాక్షి. కదిలించని తీగలే కదిలించినవాటికి దారి చూపుతాయి.

ఇప్పుడు మధ్యమావతి ఎత్తుకోండి. స రి మ ప ని. ఐదు స్వరాల్లో మూడు, స మ ప, తీగల్లోనే సిద్ధంగా ఉన్నాయి. వెతుక్కోవలసినవి రెండే: డీ తీగల మీద రెండో ఫ్రెట్‌లో రిషభం, ఏ తీగల మీద మూడో ఫ్రెట్‌లో నిషాదం. ఆ నిషాదాన్ని తీగ లాగి ఊపితే కింద షడ్జం తనంత తాను అనునదిస్తుంది. పక్కపక్కనే మోగే మధ్యమ పంచమాల మధ్య ఒక తీయని ఒరిపిడి. కచేరీ చివర మంగళప్రదమని పాడే రాగం ఈ పరాయి పెట్టెలో ఇంత సహజంగా ఒదగడం వింటుంటే ఒళ్లు పులకరిస్తుంది. మోహనం కావాలంటే అందులో మధ్యమం లేదు. మూడో తీగను అంతర గాంధారానికి దించితే సరి.

పరాయి వాద్యాన్ని మన షడ్జానికి తిప్పుకోవడం మన విశాఖ తీరానికి కొత్త కాదు. వరుస పంచమాల్లో జీ, డీ, ఏ, ఈ అని పలికే యూరప్ వయొలిన్‌ను మన విద్వాంసులు స ప స ప అనిపించారు. విశాఖలో పెరిగి, 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యులై, 1936లో ప్రిన్సిపాల్ అయిన ద్వారం వెంకటస్వామినాయుడు గారి పాత రికార్డులు వినండి. గరగర వెనక నుంచి కూడా కమాను సాగినంత మేరా నాదం నిండుగా, తొణక్కుండా వస్తుంది. శ్రుతిలో నిలిచిన మనసుకే ఆ నిండుదనం దక్కుతుంది.

విశాఖ రామకృష్ణా బీచ్ ఉప్పుగాలికి గిటారు తీగలు త్వరగా తుప్పుపడతాయి, కొత్తవి వేసిన ప్రతిసారీ శ్రుతి మళ్లీ మళ్లీ చూసుకోవాలి. దాన్ని విసుగుగా కాక సాధనగా తీసుకోవాలని విశాఖ కుర్రకారును అడుగుతున్నాను. ఫోన్‌లో ట్యూనర్ పచ్చదీపం తీగ సరిపోయిందని మాత్రమే చెబుతుంది. ఎలా సరిపోయిందో వినవలసింది మీ చెవి. ట్యూనర్ ఒక్క సాయంత్రం పక్కన పెట్టి, మూడు తీగలు దించి, మధ్యమావతి పలికించి చూడండి.